బ్యాచ్ నంబరు సరే, కౌంటరు దగ్గర ఏం మారింది?

సంపాదకుల వారికి,

ఐఏఎస్‌గా మొదలుపెట్టి ప్రభుత్వరంగ బ్యాంకు పెద్ద కుర్చీ దాకా వచ్చిన ఒక అధికారి మీద గత ఆదివారం మీరు వేసిన అరపేజీ వ్యాసం చదివాను. ఏ బ్యాచ్, ఎన్నో ర్యాంకు, ఏ జిల్లాలకి కలెక్టరు, ఢిల్లీలో ఏ శాఖ, అన్నీ ఉన్నాయి. ఆయన వచ్చాక బ్యాంకుకి వెళ్లే మనిషికి ఏం ఒరిగిందో మాత్రం ఒక్క ముక్క లేదు. 33 ఏళ్లు బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి కదా, నా కళ్లు దానికోసమే వెతికాయి.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ నాది యూనియన్ మాటే. కలెక్టరుగిరీ చేసినవాడికి లెడ్జరు ఏం తెలుసు, కింద నుంచి ఎదిగినవాడికే ఆ కుర్చీ ఇవ్వాలి అని గొంతు చించుకున్నవాణ్ణే. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచే మా రిటైర్డ్ జనంలో ఇప్పటికీ ఇదే గోల, ఒకాయన తల్వార్ పేరెత్తుతాడు. అదీ నిజమే, ఇంపీరియల్ బ్యాంకులో చిన్న ఆఫీసరుగా చేరి స్టేట్ బ్యాంకు ఛైర్మన్ అయిన రాజ్‌కుమార్ తల్వార్, ఎమర్జెన్సీలో పైవాళ్ల మాట వినలేదని ఆయన్ని పంపేయడానికి ఏకంగా చట్టమే మార్చాల్సి వచ్చింది. కాదనను. కానీ బయటి సర్వీసు నుంచి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్న హెచ్.వి.ఆర్. అయ్యంగార్ దగ్గర నేను ఆగిపోతాను.

ఈ పేరు ఇప్పటివాళ్లకి తెలియదు. ఐసీఎస్ (ఐఏఎస్‌కి ముందు బ్రిటిషువాళ్ల నాటి సర్వీసు) ఆయన, రాజ్యాంగ సభకి కార్యదర్శి, తర్వాత కేంద్ర హోం శాఖ కార్యదర్శి. 1955 జూలై 1న ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకు అయినప్పుడు మొదటి ఛైర్మన్ జాన్ మథాయ్, ఆ వెనకే ఈయన. అప్పటికి రైతు అప్పుల్లో వాణిజ్య బ్యాంకుల వాటా ఒక శాతం కూడా లేదని, పల్లెల్లో అప్పుల మీద సర్వే చేసిన గోర్వాలా కమిటీ తేల్చింది (ఈ గోర్వాలా కూడా ఐసీఎస్సే, చూడండి). అందుకే ఐదేళ్లలో 400 కొత్త బ్రాంచీలు పెట్టాలని స్టేట్ బ్యాంకుకి చట్టంతోనే బాధ్యత అప్పగించారు. ఊళ్లలోకి బ్యాంకు వెళ్లడమంటే ఏమిటో నాకు పాడేరులో తెలిసింది. సంత రోజు చింతపండు అమ్ముకుని వచ్చినవాళ్లు విత్‌డ్రాయల్ ఫారం మీద వేలిముద్ర వేసి, ఆ సిరా జుట్టుకి రాసుకుని, నోట్లు మూడుసార్లు లెక్కపెట్టుకునేవారు. వాళ్లకి బ్యాంకంటే నేనూ, ఆ కౌంటరూ, అంతే.

1957లో అయ్యంగార్ రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడింది, మూయించమని కోర్టుకెళ్లింది కూడా ఈయన నడిపే రిజర్వు బ్యాంకే, డిపాజిటర్లు ఎంత తిట్టుకుని ఉంటారో ఊహించుకోండి. ఆ దెబ్బ తర్వాత వచ్చిందే డిపాజిట్ ఇన్సూరెన్సు, అంటే బ్యాంకు మూతపడినా ఒక పరిమితి దాకా మన డబ్బు మనకి వచ్చే ఏర్పాటు. 1962 జనవరి 1 నుంచి, మనిషికి 1,500 రూపాయల దాకా. 1993లో అది లక్ష అయింది, 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షలు. ప్రీమియం బ్యాంకే కడుతుంది, మన దగ్గర పైసా తీసుకోరు. ఆయన గురించి రాస్తే నేనైతే ఇదే ముందు రాస్తాను, హోం కార్యదర్శి సంగతి చివర్లో ఉన్నా ఫరవాలేదు.

ఈ ఇన్సూరెన్సు విలువ మా బావమరిదిని అడగండి. ఒక శాతం వడ్డీ ఎక్కువని ఒక సొసైటీలో 3 లక్షలు పెట్టాడు, పేరెందుకులెండి, ఒకరోజు వెళ్తే షట్టరు దించి ఉంది. సహకార బ్యాంకైతే ఇన్సూరెన్సు ఉండేది, ఉత్త సొసైటీకి ఉండదు. బోర్డు మీద బ్యాంకులాగే కనిపిస్తుంది, తేడా ఎవరు చెప్పారు గనక?

మన ఉత్తరాంధ్రకి తెలిసిన మనిషి ఒకరున్నారు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, పార్వతీపురంలో సబ్ కలెక్టరుగా చేసిన దువ్వూరి సుబ్బారావు గారు 2008 సెప్టెంబరు 5న రిజర్వు బ్యాంకు గవర్నరుగా కూర్చుంటే, సరిగ్గా పది రోజులకి అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలి ప్రపంచమంతా డబ్బు సంక్షోభం ముదిరింది. రిజర్వు బ్యాంకూ స్టేట్ బ్యాంకూ ఒకటి కావు, ఒప్పుకుంటా. అయినా ఆయన గురించి మాట్లాడేటప్పుడు ర్యాంకు ఎవరికి కావాలి, ఆ ఆరునెలల్లో వడ్డీ రేట్లు ఎలా దించారు, తర్వాత ధరలు పెరుగుతున్నాయని ఆర్థిక మంత్రికి ఎదురు నిలిచి ఎలా దించకుండా ఉన్నారు అన్నదే కదా కథ.

కాబట్టి మీ విలేకరికి నాదో విన్నపం. ఈసారి అలాంటి అధికారిని కలిస్తే పాస్‌బుక్ సంగతి అడగమనండి. ఇన్సూరెన్సు ఎంత వరకో పాస్‌బుక్‌లో అచ్చువేయాలని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. మా అమ్మకి 84 ఏళ్లు, నాన్న పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఖాతా పాస్‌బుక్ ప్రతినెలా నాచేత చదివించుకుంటుంది. మొన్న ఆ లైను మీద వేలుపెట్టి "ఏటిరా ఇది, ఏటి రాసినారు?" అంది. చీమ తలకాయంత అక్షరాలు, అవీ ఇంగ్లీషులో. నేను చదివి చెప్పాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
సీతమ్మధార, విశాఖపట్నం