పేదోళ్ల ఆశలు కూడా లెక్కెయ్యండి, కానీ పథకాల ఫోనుతో కాదు

సంపాదకులకు నమస్కారం.

జిల్లాలో పేదరికం ఇంత తగ్గింది, అంత మిగిలింది అని మీ పేపర్లో అప్పుడప్పుడు లెక్కలు వస్తుంటాయి. వాటిని కాస్త ఎక్కువ శ్రద్ధగానే చదువుతాను, ఎందుకంటే అలాంటి లెక్కల్లో కొన్ని మా ఫోన్ల నుంచే పైకి వెళ్తాయి. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఊరికి వీఓఏని, అంటే డ్వాక్రా మహిళల గ్రామ సంఘానికి సహాయకురాలిని. ఊళ్లో మాత్రం ఇప్పటికీ యానిమేటరమ్మనే. డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాయడం, బ్యాంకు లింకేజీ కాగితాలు చూడటం, కిస్తీ కట్టని వాళ్ల ఇంటికెళ్లి మాట పడటం, పైనుంచి ఏ సర్వే వచ్చినా గుమ్మం ముందు నిలబడి అడగడం, ఇదీ పని. ఎన్నో అడిగాం గానీ, ఇంకో నాలుగేళ్లకి మీ బతుకు ఎలా ఉంటుందనుకుంటున్నారు, దానికోసం ఏం చేద్దామనుకుంటున్నారు అన్న ప్రశ్న మాత్రం నా చేతికొచ్చిన ఏ యాప్‌లోనూ చూడలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నీతి ఆయోగ్ వాళ్ల బహుముఖ పేదరిక సూచీ ఉంది కదా, అందులో 12 అంశాలు. పోషకాహారం, పిల్లల మరణాలు, గర్భిణుల ఆరోగ్యం, ఎన్నేళ్లు చదివారు, పిల్లలు బడికెళ్తున్నారా, వంట దేనిమీద, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, ఇంట్లో సామాన్లు, బ్యాంకు ఖాతా. మంచి లెక్కే, కాదనను. కానీ మా వీధిలో పక్కపక్కనే రెండిళ్లున్నాయి, గ్యాసు, మరుగుదొడ్డి, ఖాతా రెండిళ్లలోనూ ఉన్నాయి, రెండిళ్లలోనూ పదో తరగతి చదివే ఆడపిల్ల ఉంది. ఒక తల్లి జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి వేళ్లు నల్లబడినా సరే పిల్ల పాలిటెక్నిక్ చదవాల్సిందేనని నెలనెలా కొంత వేరే సంచిలో దాస్తోంది, ఆ సంచి మా ఇంట్లో పెట్టింది, మొగుడి కంట పడకుండా. రెండో ఇంట్లో పరీక్షలు కాకముందే సంబంధాలు చూస్తున్నారు. పన్నెండు గళ్లలో ఈ రెండిళ్లూ ఒకటే. తేడా లెక్కల్లోకి ఎక్కేసరికి ఆ రెండో పిల్ల చంకలో బిడ్డ ఉంటుంది.

2025 ఉగాదికి రాష్ట్ర ప్రభుత్వం పీ4 అనే పేదరిక నిర్మూలన కార్యక్రమం మొదలైంది, పేదింటివాళ్లని బంగారు కుటుంబాలు, వాళ్లకి చేయూతనిచ్చే ఉన్నవాళ్లని మార్గదర్శులు అన్నారు, మీకేం కావాలి అని కూడా అడిగారు. అడగడం మంచిదే. అయితే ప్రభుత్వం తరఫున వచ్చిన మనిషి మీకేం కావాలి అంటే జనం ఏం చెప్తారండీ? ప్రభుత్వం దగ్గర ఉన్నవే చెప్తారు. ఇల్లు, పెన్షన్, లోను. అంగట్లో లేని సరుకు ఎవరూ అడగరు కదా.

మాకిది కొత్త కాదు. బ్యాంకు లోనుకి ముందు ప్రతి సభ్యురాలికీ సూక్ష్మ రుణ ప్రణాళిక రాస్తాం, మేం ఎంసీపీ అంటాం. డబ్బు దేనికి అని అందులో ఒక గడి ఉంటుంది. ఆ గడిలో సగం మంది గేదె అని రాయిస్తారు, మిగతా వాళ్లు కిరాణా, చీరల వ్యాపారం. రాసినవన్నీ నిజమైతే మా ఊళ్లో మనుషులకన్నా గేదెలు ఎక్కువ ఉండాలి. అసలు డబ్బు పోయేది కొడుకు చెన్నై వెళ్లే ఖర్చుకి, కూతురి కాలేజీ ఫీజుకి, పాత అప్పుకి, కిడ్నీ రోగి ఆసుపత్రి ఖర్చులకి. వీటిలో ఫీజు ఉంది చూడండి, అది అచ్చమైన ఆశ, ఏళ్ల తరబడి పెట్టే పెట్టుబడి, కానీ గడిలో అది గేదె అయిపోతుంది. వాళ్లు అబద్ధం చెప్తున్నారని నేననను. అడిగేవాళ్లకి ఏది వినాలనుందో వాళ్లకి బాగా తెలుసు, అంతే.

ఆశని కొలవడమేంటి, పిచ్చి కాకపోతే, అనేవాళ్లుంటారు. కొలుస్తున్నారండీ, అరవై ఏళ్ల నుంచీ. హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికన్ 1960ల నాటికే ఒక నిచ్చెన బొమ్మ పెట్టి చాలా దేశాల్లో అడిగించాడు, మన దేశంలోనూ. పైమెట్టు మీరనుకునే అన్నిటికన్నా మంచి బతుకు, అడుగున ఉన్నది అన్నిటికన్నా చెడ్డది. ఐదేళ్ల కిందట ఎక్కడున్నారు, ఇప్పుడెక్కడున్నారు, ఐదేళ్లకి ఎక్కడుంటారు? ఏటేటా ప్రపంచ సంతోష ర్యాంకులు వస్తాయే, అవి ఈ నిచ్చెన మీదవే, కాకపోతే ర్యాంకుకి తీసుకునేది ఇప్పటి మెట్టొక్కటే. రేపటి మెట్టు ఆ ర్యాంకులోకి రాదు.

ఇది చదివి నాకూ సరదా పుట్టి ఒక సంఘం మీటింగులో పుస్తకం వెనక అట్ట మీద నిచ్చెన గీసి, మెట్లకి అంకెలేసి అందరికీ చూపించాను. అప్పటిదాకా గోలగోలగా ఉన్న వాళ్లు ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు. ఒకామె, మా వరసకి అప్ప అవుతుంది, "పైన మెట్టు సెప్తే కార్డు తీసెత్తారేటమ్మా?" అంది. పక్కావిడ "కిందదే రాసీ తల్లీ, మనకెందుకొచ్చిన గొడవ" అంది. సరదాకే, ఎక్కడికీ పంపను అని ఒట్టేసి చెప్పినా ఫోను సంచిలో పెట్టి జిప్పు వేసేదాకా ఎవరూ నోరు విప్పలేదు. ఆ తర్వాత మాత్రం ఆపడం నా వల్ల కాలేదు.

వాళ్ల భయం ఊరికే వచ్చింది కాదు. కరెంటు 300 యూనిట్లు దాటిందా, ఇంట్లో ఎవరి పేరునైనా కారుందా, మెట్ట పదెకరాలకి మించిందా, ఊళ్లలో అయితే నెలకి పదివేలకి పైన వస్తోందా, ఇలాంటి ప్రశ్నలతో కార్డులు, పెన్షన్లు నిలిచేదీ ఊడేదీ వాళ్లు చూశారు. అద్దెకి తిప్పుకునే బండి కొడుకు పేరున ఉందని నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబం నాకు తెలుసు. అలాంటప్పుడు చేతిలో ట్యాబుతో వచ్చిన మనిషి "మీ ఆశలేంటి" అంటే ఆశ చెప్తారా, టెన్షన్ పడతారా? కాబట్టి నేను అడిగేది ఇదొక్కటే: ఆశని కొలవండి, తప్పకుండా కొలవండి, కానీ ఆ పని మాలాంటి పథకాల మనుషులతో, ఆధార్ నంబరు అడిగే యాప్‌తో చేయించొద్దు. చేయిస్తే అడుగు మెట్టు మీద జిల్లా మొత్తం కనిపిస్తుంది, అది చూసి ఎవరో ఒక పెద్దమనిషి "పేదల్లో ఎదగాలన్న కోరికే లేదు" అని ఉపన్యాసమిస్తారు.

ఆ ఉపన్యాసం అంటే నాకు ఇంకా భయం. అమర్త్య సేన్ గారు ఎప్పుడో చెప్పారు, ఏళ్ల తరబడి లేమిలో ఉన్నవాళ్లు దొరికే దానికి తగ్గట్టు కోరికల్ని కుదించుకుంటారని, అందుకని వాళ్లు "బాగానే ఉన్నాం" అన్నంత మాత్రాన బాగున్నట్టు కాదని. తిప్పి చూస్తే, ఆశ తక్కువగా కనిపించినంత మాత్రాన తప్పు వాళ్లది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. పడిపోయిన చెట్లు తీయించి మళ్లీ మొక్క పెట్టినవాడి ఆశని కొలవడానికి ఏ ప్రశ్నా అక్కర్లేదు, తోటలోకెళ్లి చూస్తే చాలు. కొందరు పెట్టారు, కొందరు జీడితో సరిపెట్టారు, కొందరు బీడు వదిలేసి హైదరాబాద్ వెళ్లిపోయారు. ఆర్థికవేత్తలు కూడా ఇలా మాటలకన్నా చేతలు చూడాలంటారు, పొదుపు, పెట్టుబడి, పిల్లల చదువు. సరే గానీ, సెంటు భూమి లేని కూలీ తన ఆశని ఎక్కడ నాటాలి? చేతలే చూస్తే భూమున్నవాడికే ఆశ ఉన్నట్టు తేలుతుంది. అదీ ఒక తప్పుడు లెక్కే.

వలస సంగతి మరీ తికమక. గుజరాత్‌లోని వీరావల్ నుంచి చేపల వేటకెళ్లి పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, ఏడాదికి పైగా జైల్లో ఉండి 2020 జనవరిలో తిరిగొచ్చిన మత్స్యకారుల్లో ఎక్కువమంది మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లే. గుజరాత్ దాకా వెళ్లడాన్ని ఆశ ఖాతాలో రాయాలా, గతిలేనితనం ఖాతాలోనా? ఇంటి ముందు నిలబడి చూస్తే తెలియదు. ఇదే డబ్బు ఇక్కడొస్తే వెళ్తావా అని అడగాలి, తమ్ముడినో కొడుకునో కూడా పంపుతావా అని అడగాలి. మా ఊళ్లో వలస వెళ్లొచ్చిన వాళ్లలో చాలామంది మొదటిదానికి "నానెందుకెల్తాను" అంటారు, రెండోదానికి జవాబు చెప్పరు.

స్నైడర్ అనే సైకాలజీ ప్రొఫెసరు 1991లో తయారుచేసిన ప్రశ్నలు నాకు నచ్చాయి. ఆయన లెక్కలో ఆశ అంటే రెండు ముక్కలు: నావల్ల అవుతుందన్న పట్టుదల ఒకటి, ఎలా వెళ్లాలో దారి తెలియడం ఇంకొకటి. రెంటినీ విడివిడిగా అడుగుతారు. మా పిల్లల్లో మొదటిది బోలెడు. ఏమవుతావు అంటే కలెక్టర్, పోలీసు, డాక్టరు. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకుంటావు అంటే మొహమొహాలు చూసుకుంటారు. ఎచ్చెర్ల దగ్గర ట్రిపుల్ ఐటీ ఉందనీ, పదో తరగతి మార్కుల మీదే సీటిస్తారనీ, సర్కారు బడి పిల్లలకి మార్కులు కలుపుతారనీ తెలియని తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఒక్క ప్రశ్నతో సరిపెడితే ఈ పిల్లలకి ఆశ నూటికి నూరు వచ్చేస్తుంది, అసలు లోటు బయటపడదు.

దారి ఎక్కడి నుంచి కనిపిస్తుంది? తనలాంటివాళ్లని చూసి. దేబ్‌రాజ్ రాయ్ అనే ఆర్థికవేత్త చెప్పింది ఇదే, మనిషి తన చుట్టూ, తనకి కాస్త దగ్గరగా ఉన్నవాళ్లని చూసే ఆశపడతాడు, మరీ అందనంత దూరమైతే ప్రయత్నమే మానేస్తాడు. ఇథియోపియాలో మారుమూల ఊళ్లలో, వాళ్లలాగే పుట్టి సొంతంగా పైకొచ్చిన మామూలు మనుషుల కథల్ని వీడియో తీసి చూపించారు, పోల్చడానికి ఇంకొందరికి మామూలు టీవీ వినోదం చూపించారు. ఆరు నెలల తర్వాత చూస్తే కథలు చూసినవాళ్లలో పొదుపూ, పిల్లల చదువూ కాస్త పెరిగాయి. కాస్తే, అద్భుతాలేం కాదు. పశ్చిమ బెంగాల్లో 495 ఊళ్లలో చేసిన పరిశీలన 2012లో అచ్చయింది, వరసగా రెండుసార్లు పంచాయతీ పెద్ద పదవి ఆడవాళ్లకి రిజర్వయిన చోట, ఈడొచ్చే పిల్లల్లో ఆడపిల్లల ఆశలకీ మగపిల్లల ఆశలకీ ఉన్న తేడా దాదాపు మూడో వంతు తగ్గిందట. మన రాష్ట్రంలో సగం సర్పంచి పదవులు ఆడవాళ్లవే, మరి ఇక్కడెందుకు అలా కనిపించదు అంటారా? పేరు ఆవిడది, సంతకం ఆవిడది, కుర్చీలో మాత్రం ఆయన. పిల్లలు ఎవరిని చూసి నేర్చుకోవాలి?

ఇదంతా ఎక్కడో కాదు, మన జిల్లాలోనే జరిగిన పనికూడా ఉంది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల యంగ్ లైవ్స్ పరిశీలన 2002లో మొదలైంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు ఎంచుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అవే పిల్లల్ని ఏళ్ల తరబడి మళ్లీమళ్లీ కలిసి, ఎంతవరకు చదవాలనుంది అని పిల్లల్నీ, ఎంతవరకు చదివిస్తారు అని పెద్దల్నీ అడిగారు. తల్లిదండ్రుల ఆశలు మగపిల్లల వైపు మొగ్గడం అందులో కనిపించింది. ఆ లెక్క మా మండల మీటింగుల్లో ఎవరి నోటా నేను వినలేదు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ, ఆ రోగులున్న ఇళ్ల గురించి కూడా చెప్పాలి, మా దగ్గర అది లేకుండా ఏ లెక్కా పూర్తి కాదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, డయాలసిస్ వాళ్లకి పదివేల పెన్షన్ ఉంది, మేలే. అలాంటి ఇంట్లో నాలుగేళ్ల తర్వాత అని అడిగితే ఆ ఇల్లాలు నా మొహం చూస్తుంది. ఆవిడకి శుక్రవారం డయాలసిస్ తర్వాత సోమవారం డయాలసిస్సే లోకం. వాళ్ల దగ్గర నిచ్చెన తీయొద్దు. ఎంత దూరం దాకా ఆలోచించుకోగలుగుతున్నారు, వారమా, నెలా, పంట దాకానా, పిల్ల డిగ్రీ దాకానా, అదొక్కటి తెలిస్తే చాలు, ఆ ఇంటికి ముందుగా ఏ సాయం అందాలో తెలుస్తుంది.

కాలేజీ పిల్లలతోనో, వేరే మండలం వాళ్లతోనో అడిగించండి. పేరూ, ఆధారూ వద్దు. తల్లిని వేరే, పిల్లని వేరే కూర్చోబెట్టి అడగండి, అత్తగారి ముందు అస్సలు వద్దు. మూడేళ్లకి మళ్లీ అవే ఇళ్లకి రండి. తేలిందేమిటో గ్రామసభలో చదివి వినిపించండి, ఇప్పటిదాకా మేం పంపిన ఏ సర్వే ఫలితమూ మా ఊరికి తిరిగి రాలేదు.

నా పేరు మాత్రం అచ్చు వెయ్యకండి సార్, రేపు ఏ సర్వే వచ్చినా మళ్లీ ఆ గుమ్మాల ముందు నిలబడాల్సింది నేనే.

ఇట్లు,
ఒక వీఓఏ,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా