పద్నాలుగు మైకుల్లోనూ డోలే

హనుమకొండ

అరేయ్ దోస్తూ,

ఎట్లా ఉన్నావురా? మొన్న ఇక్కడ ఓ హాల్లో రేడియో కోసం వాద్యబృందాన్ని రికార్డు చేశాను. ఇది నీకు ఫోన్లో చెబితే తృప్తి ఉండదని రాస్తున్నా. వయొలిన్లు, వేణువులు, వీణ, మృదంగం, తబలా, వాటితోపాటు జనగామ వైపు నుంచి వచ్చిన ఇద్దరు ఒగ్గు డోలు కళాకారులు. ఐనవోలు జాతరలో ఆ డోలు దరువు మన గుండెల మీదే పడ్డట్టుండేది, గుర్తుందా? ఆ డోలు పక్కన వీణ!

మొదట మనిషికో మైకు పెట్టా. విని చూస్తే పద్నాలుగు మైకుల్లోనూ డోలే. ఒకే దెబ్బ ఒక్కో మైకుకు ఒక్కో క్షణాన చేరుతుంది కదా, అన్నీ కలిపితే డోలు కాస్తా డొల్లగా వినిపించింది. వీణ జాడే లేదు.

అన్నీ తీసేశాను. వాళ్లు వాయిస్తుంటే ఒక చెవి మూసుకుని హాలంతా తిరిగా. అట్లా వింటే ప్రతిధ్వని ఎంతుందో మైకు విన్నట్టే తెలుస్తుంది. నువ్వు చెప్పిన డెక్కా ట్రీ, అదే మూడు మైకులను త్రిభుజంలా నిలబెట్టే పద్ధతి, అది కూడా ఆలోచించాను. కానీ దాంట్లోని మూడు మైకులూ అన్ని వైపుల నుంచీ శబ్దం తీసుకునేవి. మంచి హాలైతే అద్భుతమే, ఇక్కడ అన్నీ ఉత్త సిమెంటు గోడలు. అందుకని ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా తీసుకునే మైకులు రెండే, మధ్య 17 సెంటీమీటర్లు, 110 డిగ్రీల కోణం, ఫ్రెంచి రేడియో వాళ్ల పద్ధతి. తొమ్మిది అడుగుల ఎత్తులో పెట్టా. పైనుంచి చూస్తే ముందు వరుసకూ వెనక వరుసకూ దూరంలో తేడా తగ్గుతుంది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. వీణను ముందుకు తెచ్చి, డోలు వాళ్లను బాగా వెనక్కి జరగమన్నాను. పెద్దాయన ముఖం చిన్నబోయింది. నాకు బాధనిపించి, హెడ్‌ఫోన్ ఆయన చెవులకే పెట్టి ముందు చేసిన రికార్డింగ్ వినిపించా. కాసేపు విని, తనే వెనక్కి వెళ్లి, డోలు ముఖం మైకు వైపు లేకుండా పక్కకు తిప్పుకుని వాయించాడు. మళ్లీ వినిపిస్తే, "ఇప్పుడు వీణ కూడా పలుకుతుంది బిడ్డా" అన్నాడు. దరువులో ఒక్క దెబ్బ కూడా తగ్గించలేదురా!

వీణకు మాత్రం దగ్గర్లో ఇంకో మైకు పెట్టక తప్పలేదు. పై మైకులు దానికి మూడున్నర మీటర్ల దూరం, అంటే శబ్దం చేరడానికి సుమారు 10 మిల్లీసెకన్లు. దగ్గరి మైకు శబ్దాన్ని అంత ఆలస్యం చేసి, సన్నగా కలిపాను. లేకపోతే వీణ ఒక్కటే బృందంలోంచి బయటికి దూకినట్టు ఉంటుంది.

ఫ్యాన్లు ఆపించాను, పాపం అందరూ చెమటలో తడిసిపోయారు. ఒక్కో టేక్ అయ్యాక పది నిమిషాలు గాలి.

చివర్లో ఎడమ, కుడి రెండూ కలిపి ఒకే స్పీకర్‌లో విన్నా. ఆటోలో, వంటింట్లో జనం రేడియో వినేది అట్లాగే కదా. వేణువు పలచబడలేదు, వీణ తప్పిపోలేదు. ప్రాణం కుదుటపడింది.

ఫైలు పంపుతా. ముందు ఫోన్ స్పీకర్‌లో విను, తర్వాతే హెడ్‌ఫోన్ పెట్టుకో. రెండింట్లోనూ వీణ ఎట్లా వినిపించిందో రాయి.

నీ దోస్తు