కాకమ్మ కథల గురించి ఒక లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులకు ముందు జరిగిన సమావేశంలో ఏడో తరగతి విద్యార్థి తండ్రి ఒకరు లేచి, "లైబ్రరీ పీరియడ్‌ల పిల్లలతోటి పిట్టల కథలు రాయిస్తున్నరట, గా కాకమ్మ కథలు పరీక్షల వస్తయా మేడమ్?" అని అడిగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, సమయం మించిపోతున్నదని రెండు ముక్కలు చెప్పి తర్వాతి విషయానికి వెళ్లిపోయాను. ఇంటికి వెళ్లాక, అంత సూటిగా అడిగినవారికి అంతకంటే మంచి జవాబు ఇచ్చి ఉండవలసిందని అనిపించింది. పరీక్షల్లో రావు. రాకపోయినా ఎందుకు రాయిస్తున్నామో ఈ నెల లేఖలో వివరంగా తెలియజేస్తున్నాను.

జూలై నెలలో గోడపత్రిక కోసం ఏడో తరగతి పిల్లలను ఎవరికి వారు ఒక అద్భుత పక్షిని ఊహించి రాయమన్నాము. కాగితాలన్నీ నేనే కూర్చుని చదివాను. దాదాపు అన్నింటిలోనూ ఒకే పక్షి ఉన్నది: దానికి బంగారు రెక్కలు, నోట్లో నిప్పులు, కొండంత ఒళ్లు. అది ఏమి తింటుందో, గుడ్లు ఎక్కడ పెడుతుందో, వాన వస్తే ఎక్కడ తలదాచుకుంటుందో ఒక్కరూ రాయలేదు. పిల్లలకు ఊహ తక్కువై అలా జరగలేదని నా నమ్మకం. వాళ్లు టీవీలో, ఫోన్‌లో వంద పక్షిరాజులను చూశారు గాని బడి ప్రహరీ మీద వాలే పిట్టను ఎప్పుడూ నిలబడి చూడలేదు. ఊహకు ముడిసరుకు కావాలి, అది వాళ్ల దగ్గర లేదు.

అందుకని దసరా తర్వాత బడి తెరిచిన రోజు నుండి ప్రార్థన కాగానే పది నిమిషాలు ఆ తరగతి మైదానం అంచున వేపచెట్టు కింద కూర్చుంటున్నది. మాట్లాడకూడదు, చూసినది పుస్తకంలో రాసుకోవాలి, మార్కులు లేవు. నాలుగు రోజులు కాకులు, పావురాలు, గోరింకలు తప్ప ఏమీ రాలేదని ఫిర్యాదులు వచ్చాయి. ఐదో రోజు గేదె వీపు మీద కూర్చుని సవారీ చేస్తూ, తనకంటే ఎంతో పెద్దదైన గద్దను తరిమికొట్టిన చీలిక తోక నల్లపిట్టను ఒక అమ్మాయి గమనించింది. దాని పేరు పాఠ్యపుస్తకంలో దొరకలేదు. మా అటెండర్ వచ్చి, "గది పసులపోలిగాడు" అన్నాడు. అప్పటి నుండి పుస్తకాలు నిండడం మొదలైంది.

ప్రహరీ అవతల బీడులో తీతువు పిట్ట ఉన్నది. అది అరిస్తే కీడని మనలో చాలామంది చిన్నప్పటి నుండి విన్నవాళ్లమే. గుడ్లను గూడు లేకుండా నేల మీదనే గులకరాళ్ల నడుమ పెడుతుంది గనుక, కుక్క గాని మనిషి గాని ఆ వైపు వస్తే గోల చేసి తరుముతుంది. ఒక్కోసారి రెక్క విరిగినట్టు కుంటుతూ నటించి శత్రువును వేరే దారి పట్టిస్తుంది. అపశకునమని మనం అనుకునే ఆ అరుపు ఒక తల్లిదో తండ్రిదో గాభరా అని తెలిశాక పిల్లలు దానికి భయపడడం మానేశారు. బడి వెనుక పాత బావి మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాని గూళ్లు వేలాడుతున్నాయి. వానకాలంలో మగపక్షి సగం అల్లి పిలిస్తే ఆడపక్షి వచ్చి చూసి, నచ్చితేనే ఉంటుంది. నచ్చకపోతే అతగాడు మరోటి మొదలుపెట్టవలసిందే. గూటి లోపల తడిమట్టి ముద్దలు అంటిస్తుంది. ఆ మట్టికి మిణుగురులను అతికించి దీపాలు పెట్టుకుంటుందని మన పెద్దవాళ్లు చెప్పేవారు. మట్టి సంగతి నిజం, దీపాల సంగతి కథ. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే అద్భుత కథ పుడుతుందని నేను పిల్లలకు చెప్పాను. ఎంతమందికి అర్థమైందో తెలియదు గాని, రెండోసారి రాసిన కాగితాల్లో పక్షులు మారిపోయాయి. ఒక అబ్బాయి పక్షి మాంత్రికుడి ముందు రెక్క విరిగినట్టు నటిస్తూ అతన్ని ఏడు అడవులు తిప్పి, తన పిల్లలున్న గులకరాళ్ల గుట్టకు దూరంగా వదిలేసి ఎగిరిపోయింది. నిప్పులు కక్కకుండానే ఆ పక్షి గెలిచింది.

మన సాహిత్యంలో ఇది కొత్త పద్ధతి ఏమీ కాదు. బమ్మెర మన పొరుగున జనగామ జిల్లాలోనే ఉన్నది. ఆ ఊరి పోతన ప్రహ్లాదుని చేత చెప్పించిన మందార మకరంద పద్యం మీలో చాలామందికి కంఠతా వచ్చే ఉంటుంది. అందులో తుమ్మెద తర్వాత మూడు పక్షులు వస్తాయి. మామిడి చిగుళ్లు తినే కోయిల మన పెరటిది. పాడేది నల్లని మగపక్షి, ఆడది గోధుమరంగు మీద తెల్లని చుక్కలతో ఉండి కాకి గూట్లో గుడ్లు పెట్టి పోతుంది. వెన్నెల తాగే చకోరం కవుల ఆకాశంలో ఎగిరేది, అయినా ఆ పేరున్న పక్షి హిమాలయ ప్రాంతపు రాతి కొండల్లో గింజలు ఏరుకుంటూ నిజంగానే తిరుగుతున్నది. ఆకాశగంగ అలల మీద ఊగే రాయంచ ఈ రెంటికీ నడిమిది. తల మీద రెండు నల్లని పట్టీలున్న ఒక బాతు టిబెట్టు, మంగోలియా సరస్సుల దగ్గర పిల్లలను పొదిగి, చలికాలంలో హిమాలయాలను దాటి మన దక్కను చెరువులకు వస్తుంది. అది ఏడు వేల మీటర్లకు పైన ఎగరడాన్ని శాస్త్రవేత్తలు కొలిచారు. మానస సరోవరపు హంస అంటే ఈ బాతే అయి ఉంటుందని కొందరు పండితుల అభిప్రాయం. పాలను నీళ్లను వేరు చేయడం దానికి రాదనుకోండి, కాని అంత ఎత్తున హిమాలయాలను దాటడం మాత్రం తక్కువ అద్భుతమా అని నేను పిల్లలను అడిగాను.

ఖిలా వరంగల్‌కు వెళ్లినప్పుడు తోరణం పైకి ఒకసారి తలెత్తి చూపించండి. అడ్డదూలం చివరన కాకతీయ శిల్పులు నిలిపిన హంసలు కనిపిస్తాయి. పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నంలో శుచిముఖి అనే హంస ఇద్దరు ప్రేమికుల మధ్య రాయబారం నడుపుతుంది, అదీ మామూలు రాయబారం కాదు, మాటలో ఎంతో నేర్పరి. బుర్రకథల్లో విన్న బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉంటుంది. ఈ చిలుక దగ్గర మాత్రం ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. కథలోని చిలుకను చూసి పిల్లలు ఇంట్లో రామచిలుకను పెంచమని అడుగుతారు, దయచేసి కొనవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం నేరం. దసరా నాడు పాలపిట్టను పట్టి డబ్బులకు చూపించేవారికీ ఇదే వర్తిస్తుంది. 2014లో మన రాష్ట్ర పక్షిగా ప్రకటించిన ఆ పిట్టను కరెంటు తీగ మీద చూస్తే మట్టిరంగు, గొంతు గరగర. రెక్క విప్పితే మాత్రం నీలాకాశం తునక. ఆ నీలం కూడా రంగుపదార్థం వల్ల వచ్చినది కాదు, ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం వెలుతురును చెదరగొట్టడం వల్ల కనిపించేది. పంజరంలో ముడుచుకుని కూర్చున్న దానిని చూసిన పిల్లవాడికి ఇందులో ఏదీ తెలియదు.

జటాయువు పాఠం చెప్పేటప్పుడు తెలుగు టీచరు రాబందును ఎవరు చూశారని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు, టీచరు చెయ్యి సహా. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, కళేబరాల ద్వారా రాబందుల కడుపులోకి వెళ్లి మూత్రపిండాలను పాడు చేసి వాటిని చంపింది. 2006లో పశువైద్యంలో దాని వాడకాన్ని నిషేధించారు. మన ఉత్తర తెలంగాణలోనే, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట చరియల మీద గతంలో పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నాయి. కథలో ఒక్క రావణుడే జటాయువు రెక్కలు నరికాడు.

ఇక గుడ్లగూబల విషయం. పాత భవనం పైకప్పు సందులో తెల్లని ముఖమున్న జంట ఒకటి కాపురముంటున్నది. దానిని చావుపిట్ట అంటారని, బడిలో ఉండడం మంచిది కాదని, వెళ్లగొట్టమని ముగ్గురు తల్లిదండ్రులు రాశారు. మీ ఆందోళనను గౌరవిస్తాను, వెళ్లగొట్టించను. మంత్రవిద్యల కథల్లో ఉత్తరాలు మోసే తెల్ల గుడ్లగూబ ధ్రువ ప్రాంతపు మంచులో ఉండేది; దానిని ఇష్టపడే మన పిల్లలు ఇక్కడి దానిని చూసి జడుసుకోవడం నాకు వింతగా ఉన్నది. దీని రెండు చెవులు ఒకే ఎత్తులో ఉండవు గనుక, చిమ్మచీకట్లో కూడా శబ్దాన్ని బట్టి ఎలుక ఎక్కడున్నదో కనిపెడుతుంది. రెక్క ఈకల అంచు కుచ్చులాగా ఉండడం వల్ల ఎగిరితే చప్పుడు వినబడదు. అది కక్కిన ఉండలను సైన్సు సారు కాగితం మీద విప్పి చూపించినప్పుడు అందులో ఎలుక పుర్రె, దవడ పళ్లతో సహా దొరికాయి. మధ్యాహ్న భోజనపు బియ్యం గదిలో ఈ ఏడాది బస్తాలకు చిల్లులు తగ్గిన సంగతి వంటమనిషే నాకు చెప్పింది.

ఈ నెల మూడో ఆదివారం ఉదయం ఆరున్నర గంటలకు వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఏడో తరగతి పక్షుల నడక ఉంటుంది. తల్లిదండ్రులు కూడా రావచ్చు. ముదురు రంగు దుస్తులు, మంచినీళ్ల సీసా, నోట్‌బుక్ చాలు, ఫోన్‌లో పాటలు వద్దు. నీటికాకులు, లకుముకి పిట్టలు, కొంగలు తప్పక కనిపిస్తాయి. బాతుల గురించి హామీ ఇవ్వలేను. అంగీకార పత్రం ఈ లేఖకు జతచేశాము, శుక్రవారంలోగా సంతకం చేసి పంపించండి.

పత్రం వెనుక కొంత ఖాళీ వదిలాము. మీ ఇంట్లో అవ్వ, తాత, అమ్మమ్మ ఎవరున్నా వారి ఊళ్లో పిట్టలను పిలిచే పేర్లు, ఆ పిట్టల మీద చెప్పుకునే కథలు అక్కడ రాసి పంపండి. పేరు తెలియకపోతే రంగు, తోక, అరుపు ఎలా ఉంటాయో చెప్పినా చాలు, మా అటెండర్ మిగతాది చూసుకుంటాడు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ