నీ లిస్టు చూశాను అమ్మలూ

తణుకు

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కంప్యూటర్ పార్టుల లిస్టు షాపు కట్టేశాక తీరిగ్గా కూర్చుని చదివాను. ఫోనులో చెబితే సగం నీ క్లాసుల హడావుడిలో పోతుంది. పార్టులు కొనేటప్పుడు తీసి చూసుకునేలా ఉంటుందని ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు.

మనం అనుకున్నది 80 వేలు. మానిటరు, యూపీఎస్, కీబోర్డు అన్నీ అందులోనే రావాలి. నీ లిస్టులో డబ్బంతా ప్రాసెసర్‌కీ, వాటర్ కూలింగ్‌కీ, రంగు లైట్ల క్యాబినెట్‌కీ పోయింది. ఇంటి కరెంటుని పార్టులకి తగ్గట్టు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ దగ్గరికి వచ్చేసరికి ‘600 వాట్స్’ అని ఒక్క మాట రాసి వదిలేశావు, కంపెనీ పేరు కూడా లేదు. రోజూ పాడైపోయిన సిస్టంలు విప్పి చూసేవాడిని కదా, నన్నడిగితే లిస్టు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మన వైపు తొలకరి ఉరుములు మొదలయ్యాయంటే నా టేబుల్ నిండిపోతుంది. పోయిన వర్షాకాలంలో ఒకాయన తన కొడుకు సిస్టం స్కూటర్ మీద పెట్టుకుని తెచ్చాడు. పక్క డోర్ తీయగానే కాలిన వాసన గుప్పుమంది. ఎస్‌ఎంపీఎస్ విప్పి చూస్తే లోపల కెపాసిటర్లు పైకి ఉబ్బి, చుట్టూ గోధుమరంగు జిగురు కారి ఉంది. అది పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. ప్రాసెసర్ పక్కన కరెంటు సర్దే చిన్న చిప్పుల్లో రెండు నల్లగా మాడిపోయాయి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ అది. పిల్లాడు డబ్బు కూడబెట్టి కొనుక్కున్న గ్రాఫిక్స్ కార్డు మాత్రం బతికింది, అదే పదివేలు.

అందుకని షాపువాడు ఎస్‌ఎంపీఎస్ చేతికివ్వగానే పక్కనున్న స్టిక్కర్ చూడు. పెద్ద అక్షరాల్లో వేసిన వాట్లు అలా ఉంచు. కింద చిన్న గళ్లతో ఒక పట్టిక ఉంటుంది, 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు అని. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో హెచ్చవెయ్యి. ఇప్పటి ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ కరెంటు లాగేది ఆ లైను నుంచే. పైన 500 వాట్స్ అని వేసి ఆ గడిలో 18 అని ఉంటే నీ పనికొచ్చేది 216 వాట్లే. మంచి 550 వాట్స్ దాంట్లో అదే గడిలో 45కి అటూ ఇటూగా ఉంటుంది. ఇక 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉండాలి కానీ, ఆ ఒక్క గుర్తు చూసి మురిసిపోకు. కరెంటు ఎంత వృథా కాకుండా మారుస్తుందో చెప్పే గుర్తు అది, సగం లోడులో 85 శాతం దాకా. హై వోల్టేజీ వస్తే, షార్ట్ అయితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉందో లేదో డబ్బా మీద విడిగా చదవాలి. 5 ఏళ్ల వారంటీ ఇచ్చే కంపెనీదే తీసుకో. దీనికి 4 వేలు పక్కన పెట్టు, ఇందులో బేరం కోసం క్వాలిటీ తగ్గించకు.

ఇప్పుడు నీ పని సంగతి. నువ్వు చేసేది బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో మోడలింగు, ఆ మోడళ్లని పూర్తి బొమ్మలుగా తేల్చే రెండరింగు, ఆ పైన కాస్త వీడియో ఎడిటింగు. బ్లెండర్‌లోని రెండర్ ఇంజిన్ సైకిల్స్ గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తుంది కాబట్టి నీకు గంటలు మిగిల్చేది ఆ కార్డే. నువ్వు రాసిన ఏఎండీ రైజెన్ 7 ప్రాసెసర్ మీద పెట్టిన డబ్బు కార్డు మీదికి మళ్లించు. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 12400 చాలు, 6 కోర్లు, 12 థ్రెడ్లు. దాంతో వచ్చే ఫ్యానే సరిపోతుంది, వాటర్ కూలింగ్ కొట్టెయ్. రెండరింగ్ బరువంతా కార్డు మోస్తుంటే ప్రాసెసర్‌కి పంపూ, గొట్టాలూ దేనికి? ఆ పంపు పోతే మార్పించుకోవడం నీకు హాస్టల్లో పెద్ద టెన్షన్.

12400ఎఫ్ అని ఇంకోటి తక్కువకి చూపిస్తారు. అది వద్దు. చివర ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. రేపు కార్డు వారంటీకి వెళ్లిందనుకో, తిరిగి వచ్చేదాకా నీకు తెర మీద బొమ్మే రాదు. ఎఫ్ లేనిదైతే హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకి పెట్టుకుని అసైన్‌మెంట్లు చేసుకోవచ్చు. పైగా ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అని వీడియోలు విప్పే ఏర్పాటు ఉంది, ఫోనుతో తీసిన హెచ్‌ఈవీసీ రకం వీడియోలు టైమ్‌లైన్ మీద తడబడకుండా కదలడానికి అది చాలా సాయం.

రైజెన్ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్ తీసుకుంటే ముందు ముందు ప్రాసెసర్ మార్చుకోవచ్చని రాశావు. నిజమే, ఆ సాకెట్‌కి 2027 వరకూ, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది. మనం తీసుకునే ఇంటెల్ సాకెట్ ఎల్‌జీఏ 1700, 14వ జనరేషన్ ప్రాసెసర్లతో ఆగిపోయింది. అయినా నా షాపుకి వచ్చేవాళ్లలో నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటీ మార్చుకున్నవాళ్లు చాలా అరుదు. అందరూ ర్యామ్ పెంచుకుంటారు, ఎస్‌ఎస్‌డీ వేసుకుంటారు, గ్రాఫిక్స్ కార్డు మారుస్తారు. ఆ మూడింటికీ చోటుంటే చాలు.

అసలు కారణం ఇంకోటి ఉంది. ఏఎం5కి కొత్త తరం డీడీఆర్5 ర్యామే పడుతుంది, పాత తరం డీడీఆర్4 పట్టదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో చూస్తున్నావుగా. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు ఎక్కువగా చేసేది శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మూడే. ఏఐ డేటా సెంటర్లు ఎంత ధరైనా పెట్టి కొంటుంటే వాళ్ల ఉత్పత్తి అటు మళ్లింది. మనం ఏళ్ల తరబడి వేసుకున్న క్రూషియల్ ర్యామ్ అమ్మకాలు ఆపేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఏడాది కిందటి ధరకి రెండింతలు దాటి అడుగుతున్నారు. అందుకే నీ ర్యామ్ నేను పంపుతున్నాను. ఒక ఆఫీసువాళ్లు సిస్టంలు మార్చినప్పుడు తీసుకున్న డీడీఆర్4 స్టిక్కులు, 8 జీబీవి రెండు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి రాత్రంతా నడిపాను, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. సెకండ్‌హ్యాండ్‌లో నేను ధైర్యంగా వేసేది ర్యామే, వాడకానికి అది అరిగేది కాదు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఎవరు ఎంత తక్కువకిచ్చినా పాతది ముట్టుకోను.

కాబట్టి బోర్డు డీడీఆర్4ది కావాలి. ఒకే ప్రాసెసర్‌కి రెండు రకాల బోర్డులూ ఉన్నాయి. డీడీఆర్4 బోర్డుల పేరులో సాధారణంగా ‘డీ4’ అనో ‘డీడీఆర్4’ అనో వస్తుంది, మాట నమ్మకుండా డబ్బా తిప్పి చదువు. హెచ్610 రకం బోర్డు చవకే, కానీ దానికి ర్యామ్ స్లాట్లు రెండే. బీ760లో నాలుగు స్లాట్లున్నది అడుగు. నేను పంపే రెండూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్లో, నాలుగో స్లాట్లో పెట్టాలి. అప్పుడు రెండూ జంటగా పనిచేస్తాయి. ర్యామ్ ధరలు దిగిన రోజున మిగతా రెండు స్లాట్లూ నింపుకుందాం, పెద్ద సీన్లకి 32 జీబీ అవసరం పడుతుంది.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండు తల్లీ, మోసపోయేది అక్కడే. ‘4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, చాలా చవక’ అని జీటీ 730 చూపిస్తారు. అది 2014 నాటి కార్డు, రెండర్ సంగతి వదిలెయ్, అసలు నీ పనికి రాదు. ఇంకో చిక్కు, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3050 అనే ఒకే పేరుతో రెండు కార్డులున్నాయి. 2022లో వచ్చిన 8 జీబీ దాంట్లో 2560 కోర్లు, 2024లో వచ్చిన 6 జీబీ దాంట్లో 2304. మెమరీ దారి కూడా 128 బిట్ల నుంచి 96కి తగ్గించారు. 6 జీబీది 70 వాట్లతో నడిచిపోతుంది, విడిగా కరెంటు వైరు కూడా అక్కర్లేదు, కాబట్టి పాత ఆఫీసు సిస్టంలో వేసుకునేవాళ్లకి బంగారం. నీకు సరిపోదు. సీన్ కార్డు మెమరీలో పట్టకపోతే రెండర్ బాగా నెమ్మదిస్తుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5050 తీసుకో, 8 జీబీ, 130 వాట్లు. మన ఎస్‌ఎంపీఎస్ దాన్ని హాయిగా మోస్తుంది. మీ ఫ్రెండు ఏఎండీ రేడియాన్ కార్డు చెప్పాడన్నావు. ఆటలకైతే అతను చెప్పినదాంట్లో న్యాయముంది. బ్లెండర్‌లో మాత్రం ఆప్టిక్స్ అనే ఎన్‌విడియా ఏర్పాటు ఉన్న ఆర్‌టీఎక్స్ కార్డులు రెండర్ త్వరగా తేలుస్తాయి, నువ్వు కొనేది దానికే కదా.

ఎస్‌ఎస్‌డీ 500 జీబీది, బోర్డు మీదే బిగించే ఎన్‌వీఎంఈ రకం ఒకటి చాలు. నీ పాత హార్డ్ డిస్కు కూడా క్యాబినెట్‌లోనే బిగించుకుని పూర్తయిన ప్రాజెక్టులు దాన్లోకి తోసెయ్. మానిటరు 24 అంగుళాల ఐపీఎస్ తెరది, ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల కొలతలో 99 శాతం దగ్గర్లో ఉన్నది చూడు. 180 హెర్ట్జ్ అని, అంటే తెర సెకనుకి 180 సార్లు మారుతుందని ఊరిస్తారు, నీ చదువుకి రంగు నిజంగా కనపడటం ముఖ్యం. క్యాబినెట్ ముందు భాగం జాలీగా ఉండాలి. గాజు పలక అందంగానే ఉంటుంది కానీ, హైదరాబాద్ మే నెలలో హాస్టల్ గదిలో రాత్రంతా రెండర్ పెడితే లోపలి వేడి బయటికి పోయే దారుండాలి. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. యూపీఎస్ 600 వీఏది అంటే సుమారు 360 వాట్లు. కరెంటు పోతే ఫైలు సేవ్ చేసి సిస్టం ఆపుకోవడానికి మాత్రమే, దాని మీద రెండర్ నడపకు.

కొనడానికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లు, అక్కడ అందరూ సీటీసీ అంటారు. ప్యారడైజ్ మెట్రోలో దిగితే దగ్గరే. మొదటి షాపులోనే కొనెయ్యకు. మూడు నాలుగు చోట్ల రాతలో కొటేషన్ తీసుకో, పార్టు పేరు పూర్తిగా మోడల్ నంబరుతో సహా రాయించు. ‘3050 కార్డు’, ‘బీ760 బోర్డు’ అని సగం పేరు రాస్తే ఏది చేతిలో పెడతారో తెలియదు. జీఎస్‌టీ బిల్లు లేకుండా అయితే ఇంత తగ్గిస్తామంటారు, ఒప్పుకోకు. ఆ 18 శాతం పన్ను కట్టిన బిల్లు మీద సీరియల్ నంబర్లు ఉంటేనే రేపు వారంటీ అడగగలం. ప్రాసెసర్ సీలు ఉన్న డబ్బాలోదే కావాలని చెప్పు. డబ్బా లేకుండా ట్రేలోది ఇస్తే కంపెనీ వారంటీ మనకు రాదు.

బిగించడం షాపువాళ్లు చేసిపెడతారు. కానీ నువ్వే బిగించాలని నాకు ఆశ. చిన్నప్పుడు స్క్రూలు రంగుల వారీగా డబ్బాల్లో వేరు చేసి పెట్టేదానివి, నీ చెయ్యి నిదానమని నాకు తెలుసు. ఒకచోట మాత్రం భయం వేస్తుంది, ముందే చెబుతున్నాను. ఈ సాకెట్‌లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, వెంట్రుకల్లా సన్నగా. వాటికి వేలు తగలనీయకు. ప్రాసెసర్ మూల మీద చిన్న బంగారు రంగు త్రికోణం ఉంటుంది, సాకెట్ మీది గుర్తుతో దాన్ని కలిపి నెమ్మదిగా వదులు, నొక్కొద్దు. తర్వాత లివర్ కిందికి దించేటప్పుడు కిర్రుమంటుంది, ఏదో విరిగిపోతున్నట్టే అనిపిస్తుంది. కంగారు పడకు, అది అంతే, గట్టిగానే దించాలి. అప్పుడు నల్లటి ప్లాస్టిక్ మూత టప్పున దానంతట అదే ఊడుతుంది. ఆ మూత పారెయ్యకు. బోర్డు ఎప్పుడైనా వారంటీకి పంపాల్సి వస్తే సాకెట్ మీద అది ఉందా అని అడుగుతారు.

ఇంకా, ప్రాసెసర్‌కి కరెంటిచ్చే 8 పిన్నుల వైరు బోర్డు పైమూలన ఉంటుంది, చాలామంది మర్చిపోయేది అదే. మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టు, బోర్డుకి కాదు. మొదటిసారి ఆన్ చేసేముందు నాకు వీడియో కాల్ చెయ్యి, వైర్లు ఒకసారి చూస్తాను.

ర్యామ్ స్టిక్కులు యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, శుక్రవారం వచ్చే తమ్ముడి చేతికిస్తున్నాను. అమ్మ సున్నుండలు, కందిపొడి కూడా పెట్టింది. కొటేషన్లు రాగానే ఫొటో తీసి పంపు. ఏ షాపుదో తేల్చుకోవడం నీ ఇష్టం, తేల్చుకున్న రోజే డబ్బు నీ అకౌంట్లో వేస్తాను.

ఆశీస్సులతో,
నాన్న