రికార్డులు వారు పోగొట్టుకుంటే రసీదులు మేము తేవాలా?

సంపాదకులకు,

సర్వర్లు దెబ్బతిని కొన్నేళ్ల ఖాతాదారుల లెక్కలు పోగొట్టుకున్న సంస్థ గురించి ఇటీవల మీ వ్యాపార పేజీలో వచ్చిన వార్త చదివాను. ‘అనివార్య సాంకేతిక కారణాలు’, ‘దురదృష్టవశాత్తూ’ అన్న సంస్థ మాటలనే ఉన్నవి ఉన్నట్టు అచ్చువేసి, ఒక్క ప్రశ్నైనా వేయకుండా వార్త ముగించడం చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ఆ ఖాతాదారుల్లో నేనూ ఒకణ్ణి. పాత చెల్లింపుల రసీదులన్నీ నెలాఖరులోగా అప్‌లోడ్ చేయాలనీ, చేయనివారి విషయంలో తమ వద్దనున్న వివరాలనే తుది లెక్కగా పరిగణిస్తామనీ వారు పంపిన నోటీసు నాకూ అందింది. తమ వద్ద వివరాలేవీ మిగల్లేదని పై పేరాలో ఒప్పుకున్నవారు కింది పేరాలో ఏ వివరాలను తుది లెక్కగా తీసుకుంటారో ఆ నోటీసు రాసినవారికే తెలియాలి.

యంత్రాలు చెడిపోతాయి, డిస్కులు ఆగిపోతాయి, మనుషులు పొరబడతారు, డేటాకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలు కాచుకుని కూర్చుంటాయి. ఇందులో అనివార్యం కానిది ఏదీ లేదు కనుకనే, డేటాకు మూడు ప్రతులుండాలనీ, అవి రెండు రకాల మాధ్యమాల మీద ఉండాలనీ, ఒకటి తప్పనిసరిగా వేరే చోట ఉండాలనీ చెప్పే 3-2-1 నియమం ఈ రంగంలో అందరికీ కంఠతా వచ్చు. మరి ఈ సంస్థ చేసిందేమిటి? బ్యాకప్ డిస్కును నిరంతరం అదే సర్వర్‌కు తగిలించి ఉంచింది. సర్వర్‌ను లాక్ చేసిన రాన్సమ్‌వేర్ దాన్నీ లాక్ చేసింది. తాళంచెవిని తలుపుకే వేలాడదీసి ఊరెళ్లినవారిని మనం దురదృష్టవంతులని అనం.

పెద్ద వ్యవస్థలు మెరుగనుకోవడానికీ వీల్లేదు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకుని 600కు పైగా ప్రభుత్వ సేవలు నిలిచిపోయాయి. ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల డేటా బూడిదైంది. దానికి బయట మరో ప్రతి ఎందుకు లేదయ్యా అంటే, డేటా మరీ పెద్దది కాబట్టి అన్నారు! పోగొట్టుకోవడానికి మాత్రం ఆ పరిమాణం అడ్డురాలేదు.

డేటాను ఇంటర్నెట్ ద్వారా మరో సంస్థ సర్వర్లలో దాచుకుని ‘మాది క్లౌడ్‌లో ఉంది, మాకేం భయం’ అనేవారికి ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్ సంగతి గుర్తుచేయాలి. గూగుల్ క్లౌడ్ వైపు జరిగిన ఒక సెట్టింగు పొరపాటుతో 2024 మే నెలలో ఆ సంస్థ వాడుకుంటున్న ప్రైవేట్ క్లౌడ్, రెండు చోట్ల ఉంచిన ప్రతులతో సహా, తుడిచిపెట్టుకుపోయింది. వారు మళ్లీ నిలబడటానికి వేరే ప్రొవైడర్ దగ్గర కూడా పెట్టుకున్న బ్యాకప్ ఎంతో తోడ్పడింది.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది, సాఫ్ట్‌వేర్ రాసేవారు తమ కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌ల్యాబ్ ఉదంతం. 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తొలగించాడు. తప్పు గ్రహించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 మిగిలాయి. కాగితం మీద వారికి ఐదు రకాల బ్యాకప్, ప్రతిరూప ఏర్పాట్లు ఉన్నాయి. అక్కరకు వచ్చింది ఒక్కటీ లేదు. రోజూ జరగాల్సిన బ్యాకప్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ల తేడా వల్ల ఎప్పటి నుంచో విఫలమవుతూనే ఉంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొడుతూ ఉండటంతో ఆ సంగతి ఎవరి కంటా పడలేదు. చివరికి వేరే పరీక్ష కోసం ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిపెట్టిన ప్రతి ఒకటి వారిని గట్టెక్కించింది. ఆరు గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు. ఇదంతా మనకు తెలియడానికి కారణం, జరిగినది జరిగినట్టు వారే బయటపెట్టడం. మన సంస్థ నోటీసులో ఆ పాటి నిజాయితీ భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

తనిఖీ చేయాల్సినవారి తీరు కూడా చెప్పుకోవాలి. ఏ ఆడిట్ ఫారం చూసినా ‘బ్యాకప్ ఉన్నదా?’ అన్న గడి ఉంటుంది, ఎదురుగా ‘ఉన్నది’ అన్న టిక్కు ఉంటుంది, కింద సంతకం ఉంటుంది. దాని నుంచి డేటాను ఒక్కసారైనా వెనక్కి తెచ్చి, తెరిచి, లెక్కలు సరిపోయాయో లేదో చూశారా అని అడిగే అధికారి కనపడడు. రిటర్ను ఒక్కరోజు ఆలస్యమైతే అపరాధ రుసుము వసూలు చేసే యంత్రాంగానికి, వేలమంది రికార్డులు గాలికి పోయినప్పుడు మాత్రం నోరు పెగలదు. ఇక కార్యాలయాల లోపల, రెండో చోట ఒక ప్రతి పెడదామని అడిగిన సిస్టమ్స్ ఉద్యోగికి దొరికే జవాబు ‘వచ్చే ఏడు బడ్జెట్‌లో చూద్దాం’. సర్వర్ పడిపోయిన రోజు సంజాయిషీ ఇవ్వాల్సింది కూడా అతడే.

కాబట్టి ఇకపై ఇటువంటి వార్త వచ్చినప్పుడు, బ్యాకప్ నుంచి డేటాను చివరిసారిగా ఎప్పుడు తిరిగి తెచ్చి చూశారో, అందుకు ఎంతసేపు పట్టిందో, ఆ పరీక్ష నివేదిక మీద ఎవరు సంతకం చేశారో మీ విలేకరులు అడగాలని మనవి. జవాబు రాకపోతే రాలేదనే అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు