మూడు సాయంత్రాల పబ్ భోజనం గురించి, నాలుగు నెలల మీ మౌనం గురించి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ప్రధాన కార్యాలయం, హైదరాబాద్.

విషయం: సెప్టెంబరు ఇంగ్లండ్ యాత్రలో మాట ఇచ్చిన పబ్ భోజనాలు పెట్టకపోవడం, ఆ సంగతి చెప్పుకోవడానికి నాలుగు నెలలుగా తిరుగుతున్నా ఎవరూ వినకపోవడం.

అయ్యా,

మీ యాత్రల సంస్థకు నేను రాస్తున్న ఆరో ఉత్తరం ఇది. ముందు రాసిన అయిదింటిలో మూడు ఈమెయిళ్లు. ఒకటి విజయవాడ శాఖలో నా చేత్తో ఇచ్చాను. మరొకటి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, అందినట్టు మీ కార్యాలయం ముద్రతో కార్డు తిరిగి వచ్చింది. అంటే ఉత్తరం మీ గుమ్మం దాటి లోపలికి చేరింది. లోపల ఒక్కరైనా దాన్ని విప్పి చదివారో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

నేను గుంటూరులో 31 సంవత్సరాలు ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేశాను. పాఠాల్లో పబ్ అనే మాట తరచు వచ్చేది. ఒక ఏడాది వెనక బెంచీ కుర్రవాడు లేచి, "మాస్టారూ, పబ్ అంటే మన బ్రాందీ షాపేనా?" అని అడిగాడు. కాదన్నాను. అయితే ఏమిటన్నాడు. అది ఊరివాళ్లందరి ఇల్లు లాంటిదని, పబ్లిక్ హౌస్ అన్న మాటే కురచబడి పబ్ అయిందని చెప్పాను. చెప్పాను కానీ, చూడని వస్తువు గురించి చెబుతున్నానన్న వెలితి అప్పుడే పట్టుకుంది. ఎప్పటికైనా వెళ్లి, ఒక మామూలు వీధిలో, ఆ వీధివాళ్లు కూర్చునే పబ్‌లో కూర్చుని అన్నం తినాలని అనుకున్నాను. నా చిరకాల కోరిక అదొక్కటే.

మీ కరపత్రం చూడగానే మనిషికి 2,85,000 రూపాయలు కట్టడానికి వెనుకాడకపోవడానికి కారణం అదే. అందులో లండన్ టవర్ ఉంది, స్టోన్‌హెంజ్ ఉంది. అవి ఏ సంస్థయినా చూపిస్తుంది. మీరు మాత్రం మూడు సాయంత్రాలు లండన్‌లోని మూడు పబ్‌లలో భోజనమని, ఆదివారం మధ్యాహ్నం సండే రోస్ట్, అంటే అక్కడివాళ్ల సంప్రదాయ ఆదివారపు భోజనం అని పేర్లతో సహా అచ్చు వేశారు. మొదటిది సదక్‌లోని జార్జ్ ఇన్. 1677లో తిరిగి కట్టినది, పాత సత్రాల తీరులో చెక్క వసారాలు నిలిచి ఉన్నది లండన్‌లో ఇక అదొక్కటే, పాత కట్టడాలను చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ కాపాడుతోంది. రెండోది నన్‌హెడ్‌లోని ఐవీ హౌస్. అమ్మకానికి పోబోతుంటే 2013లో ఆ పేటవాళ్లే వాటాలు వేసుకుని కొనుక్కున్నారు. మూడోది మైడా వేల్‌లోని కార్ల్‌టన్ టావెర్న్. దాని కథ మీ సంస్థలో ప్రతి ఒక్కరికీ తెలియాలి. ఒక నిర్మాణ సంస్థ 2015లో అనుమతి లేకుండా ఆ పబ్‌ను కూల్చేసింది. ఆ చుట్టుపక్కల జనం ఊరుకోలేదు, ఫిర్యాదు మీద ఫిర్యాదు చేశారు. అక్కడి స్థానిక పాలక సంస్థ వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ వాళ్ల మాట విని, ఉన్నది ఉన్నట్టు ఇటుక ఇటుకా మళ్లీ కట్టి తీరాలని ఆదేశించింది. 2021లో అది తిరిగి తెరుచుకుంది. ఒక వీధివాళ్ల ఫిర్యాదు విన్నందుకు ఒక భవనమే లేచి నిలబడింది. నా ఫిర్యాదుకు నాలుగు నెలల్లో ఒక జవాబు కాగితం రాలేదు.

జరిగినది క్లుప్తంగా చెబుతాను. మూడు సాయంత్రాలూ బస్సు మమ్మల్ని హీత్రో విమానాశ్రయం వైపు ఒకే భారతీయ హోటల్ ముందు దింపింది. పప్పు, పనీరు కూర, రోటీ, గులాబ్ జామూన్. వంట బాగానే ఉంది, వండినవాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆదివారం మధ్యాహ్నం ప్రయాణంలో ఉన్నామని చెప్పి రహదారి పక్కన శాండ్‌విచ్ పొట్లాలు చేతికిచ్చారు. మీ టూర్ మేనేజర్‌ను అడిగితే, "పబ్‌లకు కుటుంబాలతో ఎవరు వెళ్తారండీ, ఆడవాళ్లు ఇబ్బంది పడతారు" అన్నాడు. బస్సులో ఉన్న 34 మందిలో ఏ ఆడమనిషినీ అతను అడగలేదు. నా భార్యను నేను అడిగాను. వెళ్దామంది.

అందుకే నాలుగో రాత్రి మేమిద్దరమే హోటల్ వెనక వీధిలోకి నడిచాం. ఇళ్ల మధ్యలో, మూల మీద, గుమ్మం పైన బొమ్మ వేలాడే చిన్న పబ్ కనిపించింది. నేను అక్కడ గడిపిన గంటన్నర గురించి మీకు చెప్పాలి. మీరు మాకు లేకుండా చేసినది ఏమిటో మీ సిబ్బందిలో ఒక్కరికీ తెలియదని వాళ్లతో మాట్లాడాక నాకు అర్థమైంది. వాళ్ల మనసులో పబ్ అంటే జూబ్లీహిల్స్‌లో చెవులు చిల్లులు పడే పాటలు, రంగురంగుల దీపాలు. ఇక్కడ పాటే లేదు. మాటలే వినిపిస్తున్నాయి. ఒక ముసలాయన కాళ్ల దగ్గర కుక్క నిద్రపోతోంది. కిటికీ దగ్గర ఒక తల్లి, ఇద్దరు పిల్లలు, చేప, బంగాళాదుంప వేపుడు.

అక్కడ బల్ల దగ్గరికి ఎవరూ రారు. మనమే కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగాలి, డబ్బిచ్చి బల్ల నంబరు చెప్పి వచ్చి కూర్చోవాలి. కౌంటర్ ముందు వరుస కూడా ఉండదు. అడ్డంగా, ఎవరికి చోటు దొరికిన దగ్గర వాళ్లు నిలబడతారు. నాకు కంగారు పుట్టింది. కానీ కౌంటర్ వెనక ఉన్న ఆవిడ, ఇంకొకరికి పంపు లాగి బీరు నింపుతూనే నా వైపు చూసి తల ఊపింది. మిమ్మల్ని చూశాను, తరువాత మీరే అని ఆ తల ఊపుకు అర్థం. నా తరువాత వచ్చిన ఇద్దరు, ఆవిడ అడగబోతే, నన్ను చూపించి "ముందు ఆయన" అన్నారు. ఎవరు ముందు వచ్చారో అక్కడ అందరికీ గుర్తుంటుంది. కాగితం లేదు, టోకెన్ లేదు.

వంటగది తొమ్మిదికి మూసేస్తారని, ఇరవై నిమిషాలే ఉందని, ముందు భోజనం చెప్పుకోమని ఆవిడే హెచ్చరించింది. నా భార్య శాకాహారి అని చెబితే, ప్లౌమన్స్ లంచ్‌లో మాంసం ఉండదని, రొట్టె, చెడ్డార్ జున్ను, ఊరవేసిన ఉల్లిపాయలు, ఆపిల్ ముక్కలు, పుల్లటి చట్నీ వస్తాయని వివరించి, పంది మాంసంతో చేసినవి ఏవి ముట్టుకోకూడదో కూడా చెప్పింది. నేను జీవితంలో మొదటిసారి అర పింటు, అంటే 284 మిల్లీలీటర్లు, పీపాలోంచి చేతిపంపుతో తోడే బిట్టర్ అనే బీరు తీసుకున్నాను. నేలమాళిగ చలువ తప్ప మంచు చల్లదనం ఉండదు. అందులో గ్యాసు ఎక్కించరు, పీపాలోనే పులిసి తయారవుతుంది. చేదుగా, మెత్తగా ఉంది. వచ్చేటప్పుడు ఆవిడ "మళ్లీ రండి" అంది. మళ్లీ రాలేమని ఆవిడకు తెలుసు, అయినా అంది. మేము ఆ పబ్‌లో ఖర్చు పెట్టినది ముప్పై పౌండ్ల లోపు.

మీ సంస్థకు ఇప్పటివరకు మేము కట్టినది ఎంతో మీ లెక్కల్లో చూసుకోండి. 2013లో కాశీ, గయ. 2016లో సింగపూర్. 2018లో చార్‌ధామ్. 2022లో దుబాయ్. నా మాట విని మీ దగ్గర చేరిన సహోద్యోగులు 14 మంది. చార్‌ధామ్ యాత్రలో కొండచరియలు పడి రెండు రోజులు దారి మూసుకుపోయినప్పుడు బస్సులో అందరూ మీ మనిషి మీద అరిచారు. వానకు అతనేం చేస్తాడని అడ్డుపడినవాణ్ణి నేను. సంస్థ మంచిదని నమ్మినవాణ్ణి.

తిరిగి వచ్చిన వారానికి ఫోను చేశాను. ఫిర్యాదులకు 4 నొక్కమంది. నొక్కి నలభై నిమిషాలు సంగీతం విన్నాను, లైను తెగింది. మరునాడు కూడా అంతే. మూడో రోజు కొత్త యాత్రలకు అని చెప్పిన 1 నొక్కాను. రెండోసారి మోగగానే ఎత్తారు. ఒక అమ్మాయి ఎంతో ఆప్యాయంగా నమస్కారం చెప్పి, ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారని అడిగింది. ఫిర్యాదు అనగానే ఆ గొంతు మారిపోయింది. కలుపుతానని చెప్పి కలిపింది. మళ్లీ అదే సంగీతం.

నాలుగోసారి దొరికిన అబ్బాయి అంతా విన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు అతను, "అంటే సార్, మిమ్మల్ని బార్‌కు తీసుకెళ్లలేదనే కదా మీ బాధ?" అని నవ్వాడు. వెనక ఇంకెవరో కూడా నవ్వడం వినిపించింది. ఫోను స్పీకరులో ఉంది, నా భార్య పక్కనే కూర్చుని ఉంది. అరవై ఆరేళ్ల వయసులో, మందు దొరకలేదని గొడవ పెట్టుకునే మనిషిగా నన్ను నా ఇంట్లో నిలబెట్టారు. భోజనం సంగతి నేను ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఆ నవ్వును మరిచిపోలేను.

తరువాత దొరికిన ఆయన, భోజనాల ఏర్పాటు లండన్ భాగస్వామి చూస్తారని, ఫైలు అక్కడ ఉందని అన్నాడు. లండన్‌కు రాశాను. రెండు రోజుల్లో ఒకే వాక్యం వచ్చింది: హైదరాబాద్ కార్యాలయం పంపిన జాబితా ప్రకారమే భోజనాలు ఏర్పాటు చేశాం. ఆ జవాబును మీ కార్యాలయానికి పంపితే, అది పరిశీలనలో ఉందన్నారు. నవంబరు మొదటి వారంలో బస్సెక్కి విజయవాడ శాఖకు వెళ్లాను. రెండు గంటలు సోఫాలో కూర్చోబెట్టారు. నా తరువాత వచ్చిన బాలి యాత్ర జంటకు టీ ఇచ్చారు, ముందు పంపారు. చివరికి మేనేజర్ కంప్యూటర్‌లో చూసి, "మీ ఫిర్యాదు అక్టోబరులోనే ముగిసిందండీ. కస్టమర్ సంతృప్తి చెందారని ఉంది" అన్నారు. ఎవరు చెప్పారు నేను సంతృప్తి చెందానని? నన్ను అడిగినవారెవరు? ఆ వాక్యం ఎవరు టైపు చేశారో పేరు చెప్పమంటే, సిస్టంలో పేరు కనిపించదన్నారు. మా తరగతిలో రాని విద్యార్థికి హాజరు వేస్తే అది తప్పుడు రికార్డు. నా పేరు మీద మీరు చేసినది అదే పని.

డిసెంబరులో మీ నుంచి మొదటిసారి ఈమెయిలు వచ్చింది. ఆత్రంగా తెరిచాను. "ప్రియమైన శ్రీమతి" అని మొదలైంది, ఎవరిదో వీసా ఆలస్యానికి విచారం తెలిపింది, చివర తరువాతి యాత్రలో 5,000 రూపాయల తగ్గింపు కూపన్ ఇచ్చింది. మూడు భోజనాలకు, ఒక ఆదివారానికి కరపత్రంలో మీరే వేసిన లెక్క ఇద్దరికీ కలిపి 38,400. అది తిరిగి ఇవ్వాలి, అది నా హక్కు. దానికంటే ముందు, నా ఉత్తరం చదివిన ఒక మనిషి, తన పేరుతో, ఏం జరిగిందో రాసి సంతకం పెట్టిన జవాబు కావాలి. సంతృప్తి చెందానని రాసిన ఆ వాక్యాన్ని చెరిపేయాలి. నవ్విన అబ్బాయిని ఉద్యోగంలోంచి తీసేయమని నేను అడగను. అతన్ని నాతో ఒక్కసారి మాట్లాడమనండి, పబ్ అంటే ఏమిటో నేను అతనికి చెబుతాను.

ఇది కూడా మీరు పక్కన పెడితే నేను ఇంట్లో కూర్చోను. 1915 నంబరుకు చెప్పి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న ఊళ్లోనే, గుంటూరు జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. రెండు సంవత్సరాల గడువు ఉంది, అందులో నాలుగు నెలలు మాత్రమే అయ్యాయి. కరపత్రం, రసీదులు, లండన్ జవాబు, పోస్టు కార్డు, ప్రతి ఫోనుకూ తేదీ, సమయం రాసుకున్న పుస్తకం నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ 14 మందికీ ఈ ఉత్తరం నకలు పంపుతున్నాను. వచ్చే నెల మా విశ్రాంత అధ్యాపకుల సమావేశంలో శ్రీలంక యాత్రకు సంస్థను ఎంచుకోవాలి. అక్కడ నేను లేచి ఇదంతా మొదటి నుంచి చదువుతాను.

ఫిబ్రవరి 10 సాయంత్రం వరకు చూస్తాను. నా ఫోను నంబరు మీ దగ్గర ఉంది. ఈ నాలుగు నెలల్లో మీ కొత్త యాత్రల ప్రకటనలు దానికి పదకొండుసార్లు వచ్చాయి.

ఇట్లు,
2013 నుంచి మీ ప్రయాణికుడు,
విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడు, గుంటూరు.