ఆ సీసా కొనాలా వద్దా అని అడిగావు కదా

కన్నా,

నిన్న రాత్రి నువ్వు మీ పదో పెళ్లిరోజుకని పంపిన రెండు ఖరీదైన వైన్ సీసాల ఫొటోలూ చూశాను. కింద "ఏది అమ్మా?" అని ఒక్క ముక్క రాసి పడుకున్నావు, ఇక్కడ నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లోనే రెండు మాటల్లో తేల్చేద్దామనుకున్నాను గానీ మొదలుపెట్టాక ఇంత పొడుగైంది. ముప్ఫై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఒక్క మాటలో జవాబు చెప్పే అలవాటు నాకెక్కడిది? ఓపిగ్గా చదువు.

ముందు మీ నాన్న సీసా సంగతి చెప్పాలి. హాల్లో అద్దాల బీరువా పై అరలో నిలబెట్టి ఉండేది, ముదురు ఆకుపచ్చ సీసా, గుర్తుందా? ఆయనకి ప్రమోషన్ వచ్చినప్పుడు స్నేహితుడొకాయన ఇచ్చాడు, చాలా మంచిది, జాగ్రత్తగా దాచుకోండి అని మరీ చెప్పి. ఆ రోజే తెరుద్దామంటే "ఇంత మంచిది ఇప్పుడెందుకు, అమ్మాయి పెళ్లికి తీద్దాం" అన్నారు. పెళ్లి వచ్చింది. "ఈ హడావిడిలో దీని విలువ ఎవరికి తెలుస్తుంది, వాడికి ఉద్యోగం వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు. నీకు ఉద్యోగం వచ్చింది, అప్పటికి ఆ సీసా ఇంకా గొప్పదైపోయింది ఆయన మనసులో, మామూలు రోజుకి తగనంత గొప్పది. అలా అలా పదిహేడేళ్లు. చివరికి రిటైరైన రోజు రాత్రి తెరిచాం. కార్క్ సగంలో విరిగింది, మిగతా సగం పొడి పొడిగా లోపల రాలింది. టీ వడకట్టే జాలీతో వడకట్టి గ్లాసుల్లో పోస్తే ఇటుక రంగు, వెనిగర్ వాసన. మీ నాన్న రెండు గుక్కలు తాగి "బానే ఉంది" అన్నారు, ఆ ముఖం నువ్వు చూసి ఉండాల్సింది.

ఇచ్చినాయన తప్పేం లేదు, మా తప్పే. కార్క్ ఉన్న సీసాని పడుకోబెట్టి ఉంచాలి, లేకపోతే తడి తగలక కార్క్ ఎండి కుంచించుకుపోయి గాలి లోపలికి దూరుతుంది. చీకట్లో, 12–13 డిగ్రీల దగ్గర, వేడీ చలీ ఎక్కువ తక్కువలు కాకుండా ఉండాలి. మేం కిటికీ ఎదురుగా నిలబెట్టి వారం వారం దుమ్ము తుడిచాం. అంటే శుభ్రంగా చంపాం.

అసలు అమ్ముడయ్యే వైన్లలో ఎక్కువ భాగం ఒకటి రెండేళ్లలో తాగెయ్యడానికి చేసినవేరా. దాచిన కొద్దీ బాగుపడేవి కొన్నే. ఈ సంగతి తెలియక దాచుకునే ఇళ్లు ప్రపంచమంతా ఉన్నట్టున్నాయి, అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్‌లో అప్పట్లో వైన్ గురించి రాసిన దంపతులు ఏకంగా దీనికోసమే ఒక రాత్రి పెట్టారు, 2000 నుంచి ఏటా ఫిబ్రవరి చివరి శనివారం, దాచుకున్న సీసాని ఇంక సాకులు చెప్పకుండా తెరిచెయ్యాలని. ఆ మాట ఎవరైనా మీ నాన్నకి ముందే చెప్పుంటే బాగుండేది.

కాబట్టి నా మొదటి ప్రశ్న ధర గురించి కాదు, ఎప్పుడు తెరుస్తావు అని. పెళ్లిరోజు రాత్రే అన్నావు, పదో ఏడు, ఇంక వెనక్కి తగ్గవు కదా. సరే, సగం సందేహం తీరింది.

రెండోది, ఎంతమంది? వారాంతంలో పార్టీకి ముప్ఫై మందిని పిలిచానన్నావు. ఒక సీసా అంటే 750 మిల్లీలీటర్లు, గ్లాసుకి 125 చొప్పున పోస్తే ఆరు, ధారాళంగా పోస్తే అయిదు. ముప్ఫై మందికి తలా ఒక్క గ్లాసు అనుకున్నా అయిదారు సీసాలు కావాలి. అంత ఖరీదైనది అన్ని సీసాలు కొని, పాటల మోతలో, నిలబడి కబుర్లు చెప్పుకుంటూ, ప్లాస్టిక్ గ్లాసుల్లో తాగేవాళ్లకి పోస్తే అది అడవి కాచిన వెన్నెలే. వాళ్లని తక్కువ చేస్తున్నానని కాదు, అక్కడ నేనున్నా అంతే, వాసన చూసే తీరిక ఎవరికుంటుంది? పార్టీకి బుడగల వైనే కావాలంటే క్రెమాన్ అని అడుగు. షాంపేన్‌లాగే అందులో కూడా రెండోసారి పులియబెట్టడం సీసాలోనే జరుగుతుంది, కాకపోతే అది ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలోది కాదు కాబట్టి ఆ పేరు పెట్టుకోకూడదు, పేరు లేదు గనక ధరా తగ్గుతుంది. నువ్వు పంపిన మొదటి ఫొటోలోని షాంపేన్ అవసరమే లేదు.

ఇక రెండో ఫొటో, పెళ్లిరోజు రాత్రి మీ ఇద్దరికీ అన్న సీసా, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్. లేబుల్ మీద 1855 అని చూసి మీ నాన్న అది తయారైన ఏడాది అనుకుని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది ర్యాంకు ఇచ్చిన ఏడాది. ఆ ఏడాది పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వ్యాపారులు అక్కడి వైన్లకి అయిదు తరగతులు కట్టారు, ఎలా కట్టారంటే అప్పటికి ఏది ఎంతకి అమ్ముడవుతోందో చూసి. అంటే ధరని బట్టి ర్యాంకు ఇచ్చారు, ఇప్పుడు ఆ ర్యాంకుని బట్టి ధర పెడుతున్నారు. నూట డెబ్భై ఏళ్లలో పై తరగతిలోకి ఎక్కింది ఒక్కటే, 1973లో మూటోన్ రోత్‌షిల్డ్ అనే తోట వైన్. మా కాలేజీలో కూడా మొదటి సంవత్సరం మార్కులు చూసి ముందు బెంచీలో కూర్చోబెట్టిన పిల్లలు చివరిదాకా అక్కడే ఉండేవాళ్లు, అది గుర్తొచ్చింది నాకు.

మరి ధరలో నిజం లేదా అంటే, ఉంది, కొంతవరకు. వైన్ నిలవ ఉంచే కొత్త ఓక్ చెక్క పీపా ఖరీదెక్కువ, 225 లీటర్ల పీపాలో పట్టేది మూడువందల సీసాలే. తీగకి గుత్తులు తగ్గించి పండించడం, చేత్తో ఏరడం, ఏళ్ల తరబడి నిలవ పెట్టడం, వీటన్నిటికీ డబ్బవుతుంది. ఒక మెట్టు దాటాక మాత్రం నువ్వు కడుతున్నది పేరుకీ కొరతకీ. ఫ్రాన్స్‌లోనే రొమానే కాంటీ అని పేరుమోసిన ద్రాక్షతోట ఉంది, మొత్తం రెండు హెక్టార్లు కూడా లేదు, కావాలనేవాళ్లు మాత్రం ప్రపంచమంతా ఉన్నారు. ఇక ధర ఎక్కడ ఆగుతుంది?

నాలుకకి ఆ తేడా తెలుస్తుందా అన్నది వేరే సంగతి. 2001లో బోర్డోలో ఒక ప్రయోగం అచ్చయింది, వైన్ చదువే చదువుతున్న 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. నా క్లాసులో ఇలాంటిది చేసి ఉంటే ఎంత బాగుండేదో. 2008లో కాలిఫోర్నియాలో ఇంకోటి, ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లదని, ఒకసారి 90 డాలర్లదని చెప్పి ఇచ్చి, తాగుతున్నప్పుడు మెదడుని స్కాన్ చేశారు. 90 అన్నప్పుడు బాగుందని నోటితో చెప్పడమే కాదు, సంతోషం తెలిసే భాగం మెదడులో నిజంగానే ఎక్కువ పనిచేసింది. ధర చెప్పకుండా ఇస్తే ఆ తేడా మాయం. అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశోధనలో ఆరువేల పైచిలుకు సార్లు ధరా పేరూ చెప్పకుండా రుచి చూపిస్తే, మామూలు జనం ఖరీదైనవాటిని కొంచెం తక్కువే మెచ్చుకున్నారు, వైన్‌లో శిక్షణ ఉన్నవాళ్లకి మాత్రం ఖరీదైనవే కాస్త నచ్చాయి.

ఇవి చదివి చాలామంది "చూశావా, అంతా మోసం" అంటారు. నేననను. ఖరీదు తెలియడం వల్ల వచ్చే సంతోషం కూడా సంతోషమే, మెదడే ఒప్పుకుంటోంది. కానీ ఆ సంతోషం కావాలంటే ఎదుటి మనిషికి అదేమిటో తెలియాలి, లేదా రుచి పట్టే ముక్కైనా ఉండాలి. నాకు రెండూ లేవు. నాకో సీసా తెస్తే మధ్యరకందే తే, మిగిలిన డబ్బు నీ దగ్గరే ఉంచుకో. మీ ఆవిడకి మాత్రం ఆ ముక్కుంది. పోయినసారి వచ్చినప్పుడు గ్లాసు దగ్గర పెట్టుకుని, తాగకుండానే "ఇందులో ఏదో తడి అట్టపెట్టె వాసన" అంది చూడు, నేను ఆశ్చర్యపోయాను. అది టీసీఏ అనే పదార్థం, కార్క్ నుంచి వస్తుంది, లక్ష కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లున్నా పసిగట్టేవాళ్లుంటారు. అంత ముక్కున్న మనిషికి పదేళ్లకొకసారి మంచి సీసా కొంటే దండగ అని నేనెలా అంటాను?

పైగా అది మీ పెళ్లయిన ఏడాది పంట. ఆ ఊహ నీకే వచ్చిందా, తనేమైనా అందా? ఎవరిదైనా నాకు నచ్చింది. సాధారణంగా పాత ఏడాది కోసం వెతికితే ఉత్త సెంటిమెంటుకి డబ్బు పోస్తాం, లోపల మీ నాన్న సీసాలాంటిది ఉంటుంది. ఇది ఆ తరగతి బోర్డో కాబట్టి పదేళ్లు దానికి పెద్ద వయసు కాదు, టానిన్లు, అంటే నోటికి వగరు తగిలించే పదార్థాలు, ఇప్పుడిప్పుడే మెత్తబడుతూ ఉంటాయి. ఎక్కడ ఎలా నిలవ ఉంచారో మాత్రం అడుగు. షాపు కిటికీలో దీపాల కింద నిలబెట్టినదైతే చేతులు జోడించి వచ్చెయ్. కార్క్ బయటికి పొడుచుకొచ్చినా, మెడ దగ్గర కారిన మరక ఉన్నా వద్దు.

డబ్బు మాట ఒక్కటే. కార్డు మీద వాయిదాల్లో మాత్రం కొనకు, నాలుగో నెల వాయిదా కట్టేటప్పుడు ఆ రుచి గుర్తుండదు. చేతిలో ఉన్నదాంట్లోంచి, ఆ నెల టెన్షన్ లేకుండా ఇవ్వగలిగితే తీసుకో. లేదంటే అదే తోటవాళ్లు రెండో వైన్ అని ఇంకోటి చేస్తారు, లేత తీగల పండ్లతో, ప్రధాన సీసాకి ఎంచుకోని పీపాలతో. చేతులవే, నేలా అదే, ధర చాలా తక్కువ. దాంట్లో మీ ఏడాదిది దొరికితే నేనైతే అదే తీసుకుంటాను. నువ్వు నేను కాదు కాబట్టి నీ ఇష్టం.

తెచ్చాక ఒకరోజు ముందే నిలబెట్టు, అడుగున మడ్డి దిగుతుంది. 16–18 డిగ్రీల్లో ఇవ్వాలి, గది వేడిగా ఉంటే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టు, ఎర్ర వైన్‌ని ఫ్రిజ్‌లో పెడతావా అని ఎవరైనా నవ్వితే నవ్వనీ. గంట ముందు తెరిచి నెమ్మదిగా జగ్గులోకి వంచు, మడ్డి కదిలేసరికి ఆపు. మామూలుది ఒకటి పక్కన సిద్ధంగా ఉంచుకో, ఇందాక చెప్పిన కార్క్ వాసన ఎంత ఖరీదైన సీసాకైనా రావచ్చు, ఆ రాత్రి ఇద్దరూ ముఖాలు చూసుకుంటూ కూర్చోకుండా.

మద్యం ఎంత తక్కువైనా పూర్తిగా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, అమ్మని గనక చెప్పాల్సింది చెప్పాను, నీకూ తెలిసిందే. పార్టీకి వచ్చినవాళ్లలో తాగనివాళ్లు ఉంటారు, వాళ్లకి కూడా అంతే అందమైన గ్లాసుల్లో ఏదైనా మంచిది పోయించు. తాగినవాళ్లని బండి తియ్యనివ్వకు.

తాగాక ఫొటోలు పంపకు. వాసన ఎలా ఉందో రాయి, మీ ఆవిడ ఏమందో ఆ మాటల్లోనే రాయి. మీ నాన్న పక్కనుంచి కార్క్ పారెయ్యొద్దని చెప్పమంటున్నారు, ఆయనకి కావాలట. ఆ పాత ఖాళీ సీసాని అదే అరలో పెట్టి ఇప్పటికీ వారం వారం తుడుస్తున్నారులే.

అమ్మ